పిల్లవాడికి మాటలు నేర్పకండి: 1098 వాళ్లు ఇంటికొచ్చి వెళ్లాక జరిగేది

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మూడో తరగతి చదివే మీ బాబు వీపు మీద, పిక్కల మీద బెల్టు వాతలు ఆటల పీరియడ్‌లో టీచరు కంటపడ్డాయి. స్కూలు వాళ్లు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. మొన్న సాయంత్రం ఇద్దరు మారతహళ్లిలో మీ ఇంటికొచ్చి గంటసేపు మాట్లాడారు. సోమవారం బాబును తీసుకుని మీరిద్దరూ పిల్లల సంక్షేమ సమితి ముందుకు రావాలని కాగితం ఇచ్చి వెళ్లారు. కొట్టింది మీవారు, కన్నడ డిక్టేషన్‌లో సున్నా వచ్చిందని. మీరు అడిగినవి నాలుగు. పిల్లవాణ్ణి తీసుకెళ్లిపోతారా? ఆయన్ను అరెస్టు చేస్తారా? లాయరును పెట్టుకోవాలా? సోమవారం లోపల బాబును కర్నూల్లో అమ్మమ్మ దగ్గరికి పంపెయ్యొచ్చా? చివర్లో ఇంకొకటి రాశారు, నాన్నను జైల్లో పెడతారా అని వాడు అడుగుతుంటే ఏం చెప్పాలో తోచడం లేదని.

నేను బెంగళూరులో 20 ఏళ్లకు పైగా పిల్లల కేసుల్లో సోషల్ వర్కర్‌గా పనిచేశాను. మాది హిందూపురం వైపు, అందుకని తెలుగు కుటుంబాలు వస్తే చాలాసార్లు నన్నే పంపేవారు. మీలాంటి ఇళ్లకు వచ్చి కూర్చుని రాసుకున్న మనిషిని నేను. తలుపుకు అవతలి వైపు నుంచి చూసింది చెబుతాను.

ముందు నాలుగో ప్రశ్న, ఎందుకంటే దానికి టైము తక్కువ. పంపొద్దు. రాత్రి బస్సెక్కించి ఊరికి పంపేస్తే గొడవ సద్దుమణుగుతుందని చాలామంది అనుకుంటారు. సమితి దృష్టిలో అది పిల్లవాణ్ణి దాచడం. వాతలు మానేదాకా కనబడకుండా చేశారనే అనుమానం మొదటి రోజే పడిపోతుంది. తర్వాత మీరు ఎంత నిజం చెప్పినా ఆ అనుమానంలోంచే వింటారు. ఒక కుటుంబం ఇలాగే పాపను మదనపల్లి పంపితే, అక్కడి పోలీసులు వెళ్లి పాపను వెనక్కి తీసుకురావలసి వచ్చింది. పోలీసు జీపు చూసి ఆ పాప ఎంత బెదిరిందో నాకు ఇప్పటికీ గుర్తే. కొన్నాళ్లు అమ్మమ్మ దగ్గర ఉంటే వాడికి మంచిదని మీకు నిజంగా అనిపిస్తే ఆ మాట సోమవారం సమితికే చెప్పండి. తగిన మనిషి అని తేలితే బంధువులకు అప్పగించే వీలు చట్టంలోనే ఉంది. అవసరమైతే కర్నూలు సమితితో మాట్లాడి కేసునే అక్కడికి మార్చగలరు. అమ్మమ్మను సోమవారం మీతో రమ్మనండి, ఆధార్ కార్డు తెచ్చుకోమనండి.

ఇప్పుడు వచ్చినవాళ్లెవరో చెబుతాను. 1098 ఒకప్పుడు స్వచ్ఛంద సంస్థల చేతుల్లో నడిచేది, 2023 నుంచి ప్రభుత్వమే నేరుగా నడుపుతోంది. ఫోన్ వస్తే జిల్లా బాలల రక్షణ యూనిట్ మనుషులు కదులుతారు. కన్నడలో మక్కళ రక్షణా ఘటక అంటారు, మీకిచ్చిన కాగితం మీద ఆ పేరే ఉండొచ్చు. వాళ్లు పోలీసులు కారు. మీకు శిక్ష వేసే అధికారం వాళ్లకు లేదు. ఆ సాయంత్రం వాళ్లు తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఈ రాత్రి ఈ ఇంట్లో ఈ పిల్లవాడు భద్రంగా ఉంటాడా అని. ప్రమాదం అనుకుంటే అప్పుడే తీసుకెళ్లి, దారి ఖర్చయ్యే టైము కాక 24 గంటల్లో సమితి ముందు నిలబెట్టాలి. సమితి కూర్చోని రోజైతే ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చు. మీ బాబును మీ దగ్గరే వదిలి సోమవారం రమ్మన్నారంటే, ఆ రాత్రికి మీ చేతుల్లో ఉంచవచ్చని నమ్మారన్నమాట. అది చిన్న విషయం కాదు, కాపాడుకోండి.

సమితి అంటే చైల్డ్ వెల్ఫేర్ కమిటీ, ఇక్కడ మక్కళ కల్యాణ సమితి అంటారు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, అంటే పిల్లల సంరక్షణ చట్టం ప్రకారం అధ్యక్షుడో అధ్యక్షురాలో ఒకరు, నలుగురు సభ్యులు. కనీసం ఒక మహిళ ఉండాలి. నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి. ఆఖరి ఉత్తర్వు ఇచ్చే రోజు కనీసం ముగ్గురు ఉండాలి. వాళ్లకు మేజిస్ట్రేటు అధికారాలున్నా ఆ గది కోర్టులా ఉండదు, బోను ఉండదు. టేబులు, కుర్చీలు, బయట వరండాలో పొద్దున్నుంచీ కాచుకున్న జనం. ఇంటి నుంచి పారిపోయి రైలెక్కి వచ్చిన పిల్లలు, హోటల్లో పనికి పెడితే దొరికినవాళ్లు, మీలాంటి తల్లిదండ్రులు, అందరూ ఆ వరండాలోనే ఉంటారు. మీ వంతు మధ్యాహ్నం మూడింటికి రావచ్చు. టిఫిన్ డబ్బా, మంచినీళ్లు, వాడికి బొమ్మల పుస్తకం తీసుకెళ్లండి. ఆఫీసులో ఆ రోజంతా సెలవు పెట్టండి, అరపూటకు తేలదు.

లోపల ముందు బాబుతో మాట్లాడతారు, మీరిద్దరూ లేకుండా. ఇది చాలామంది తల్లులకు గుండె ఆగినంత పని. కానీ పిల్లవాడి మాట వినడం వాళ్లకు చట్టం పెట్టిన బాధ్యత. ఎనిమిదేళ్ల పిల్లవాడి అభిప్రాయానికి వాడి వయసును, పరిణతిని బట్టి విలువ ఇవ్వాలి. వాడు తెలుగులోనే మాట్లాడొచ్చు. బెంగళూరులో తెలుగు వచ్చినవాళ్లు ఎక్కడైనా ఒకరుంటారు, లేకపోతే పిలిపించమని అడగండి. మీకిచ్చే కాగితాలు కన్నడలో ఉంటే చదివించి, అర్థం చెప్పించుకుని సంతకం పెట్టండి. అలా అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

నేను ఈ సమాధానం రాస్తున్నదే ఈ మాట కోసం. ఈ నాలుగు రోజుల్లో బాబుకు ఏం చెప్పాలో నేర్పకండి. మీవారిని నేర్పనివ్వకండి. అత్తగారిని, మరుదులను ఫోన్లో కూడా నేర్పనివ్వకండి.

ఒక బాబు వచ్చాడు, తొమ్మిదేళ్లుంటాయి. చేతి మీద కమిలిన మచ్చలు. ఏమైంది నాన్నా అంటే, "నేను సైకిల్ తొక్కుతూ అదుపు తప్పి కింద పడిపోయాను" అన్నాడు. ఇంకోలా అడిగినా అదే వాక్యం, అక్షరం మారలేదు. తొమ్మిదేళ్ల పిల్లవాడు "అదుపు తప్పి" అనడు. సైకిల్ ఏ రంగు అని అడిగాను. వాడు నా మొహంలోకి చూసి ఏడ్చేశాడు. వాళ్లింట్లో సైకిలే లేదు. ఆ ఏడుపు దెబ్బల కోసం కాదు. నాన్న అప్పజెప్పిన పని చేయలేకపోయానని, ఇప్పుడు నా వల్లే నాన్నకు ఏమైనా అవుతుందని. ఆ తండ్రి క్రూరుడు కాదు, భయపడ్డాడంతే. కానీ కొట్టిన దెబ్బ వారంలో మానితే, ఈ అబద్ధం మోయించిన బరువు వాడి మీదనుంచి దించడానికి కౌన్సెలింగ్‌లో నెలలు పట్టింది. కేసు పరంగా కూడా వాళ్లకు అదే పెద్ద దెబ్బ అయింది. కొట్టారని తెలిసిన ఇంటికి పిల్లవాణ్ణి తిరిగి పంపడం చాలాసార్లు చూశాను. అబద్ధం చెప్పించిన ఇంటికి పంపడానికి సమితి చాలా ఆలోచిస్తుంది. అక్కడ మళ్లీ దెబ్బ పడితే వాడు నోరు విప్పడని వాళ్లకు తెలుసు కాబట్టి.

మీవారు సమితి ముందు ఏం చెప్పాలంటే, జరిగింది. "కొట్టాను. బెల్టుతో. ఇది మొదటిసారి కాదు" అనో, మొదటిసారే అయితే ఆ మాటో. "అయితే" అని మొదలుపెట్టి వాడు ఎంత మొండివాడో చెప్పబోవద్దు. మా నాన్న మమ్మల్ని ఇంతకన్నా బాగా బాదాడు, అందుకే ఇంత చదివాం అనే మాట ఆ గదిలో ప్రతి వారం వినబడుతుంది. వినేవాళ్లకు అది ఇంకా కొడతానన్నట్టే ఉంటుంది.

సోమవారంతో అయిపోదు. సమితి సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు అడుగుతుంది, దాన్ని 15 రోజుల్లో ఇవ్వాలి. మొదటిసారి హాజరైన రోజు నుంచి 4 నెలల లోపల ఆఖరి ఉత్తర్వు రావాలి. ఆ రిపోర్టు కోసం మళ్లీ ఇంటికొస్తారు. ఒకసారి చెప్పి, ఒకసారి చెప్పకుండా కూడా రావచ్చు. మీతో, ఆయనతో, బాబుతో విడివిడిగా మాట్లాడతారు. స్కూలుకు వెళతారు. పక్కింటివాళ్లను కూడా అడగవచ్చు. ఆ అడగడం మర్యాదగానే ఉంటుంది, కేసు సంగతి చెప్పే హక్కు వాళ్లకు లేదు.

ఆ విజిట్‌కు ఇల్లు కడిగి, కొత్త బొమ్మలు కొనిపెట్టక్కరలేదు. ఇస్త్రీ చేసిన కర్టెన్లు చూడ్డానికి రాము. నేను చూసేది వాడు ఎక్కడ పడుకుంటాడు, రాత్రి భయమేస్తే ఎవరిని లేపుతాడు, స్కూలు నుంచి ఎవరు తెస్తారు, మీరిద్దరూ షిఫ్టుల్లో ఉన్న టైములో వాడితో ఎవరుంటారు. తాగుడుందా. అప్పులున్నాయా. ఉద్యోగం పోయిందా, పోతుందన్న భయముందా. తండ్రి తాళం చప్పుడు వినబడగానే పిల్లవాడు ఏం చేస్తాడన్నది నాకు అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. గుమ్మం వైపు పరిగెత్తే పిల్లలుంటారు, టీవీ కట్టేసి పుస్తకం తెరిచే పిల్లలుంటారు. ఇది ఎవరూ ఒక్క పూటలో నేర్పించలేరు. టీకాల కార్డు, ప్రోగ్రెస్ కార్డులు, డాక్టరు చీటీలు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టుకోండి, వెతుక్కోవడం తప్పుతుంది.

విడిగా మాట్లాడేటప్పుడు మిమ్మల్ని ఇంకొకటి అడుగుతారు, నేనూ ఇక్కడే అడుగుతున్నాను. ఆయన మీ మీద కూడా చెయ్యి చేసుకుంటారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. కానీ "నేను అడ్డం వెళ్లలేకపోయాను" అని రాశారు. పిల్లల మీద బెల్టు లేచిన ఇళ్లలో చాలాచోట్ల తల్లి కూడా దెబ్బలు తింటూ ఉండడం చూశాను. అవునైతే అది దాచకండి. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. 2005 గృహహింస చట్టం కింద మీకూ, మీ బాబుకూ రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. భర్తను కాపాడుతున్నానని మౌనంగా ఉన్న తల్లిని సమితి "ఈమె బిడ్డను కాపాడలేదు" అనుకునే ప్రమాదం ఉంది.

ఇక పిల్లవాణ్ణి తీసుకెళతారా అన్నది. తీసుకెళ్లే అధికారం ఉంది, లేదని మీకు ధైర్యం చెప్పను. దెబ్బలు తీవ్రమైనవైనా, కొట్టే మనిషి ఇంట్లోనే ఉండి ఆపేవాళ్లెవరూ లేకపోయినా, ఇంటికి వెళ్లనని పిల్లవాడే ఏడ్చినా, పెద్దలు దాస్తున్నారని తేలినా విచారణ జరిగినన్నాళ్లు బాలమందిరంలోనో తగిన బంధువు దగ్గరో ఉంచుతారు. కానీ సంస్థలో ఉంచడం ఆఖరి మార్గంగానే ఉండాలని, పిల్లవాడు కుటుంబంలోనే పెరగాలని జువెనైల్ జస్టిస్ చట్టం మొదట్లోనే రాసి ఉంది. నేను చూసినంతలో, తల్లిదండ్రులు ఒప్పుకుని, మారడానికి ఏదో ఒక పని అప్పటికే మొదలుపెట్టి ఉంటే, బిడ్డను వాళ్లకే అప్పగించి, మళ్లీ కొట్టమని హామీ పత్రం రాయించుకుని, కౌన్సెలింగ్‌కు పంపి, కొన్ని నెలలు ఇంటికొచ్చి చూస్తుంటారు. కొన్ని కుటుంబాల్లో తండ్రి తనంతట తానే ఒకటి రెండు నెలలు అన్న ఇంట్లోనో రూము తీసుకునో ఉంటానని చెప్పి, పిల్లవాడు తల్లి దగ్గరే ఉండేలా చేసుకున్నారు. మీవారు ఆ మాట వాళ్లు అడగకముందే అంటే నేను ఆయన్ను గౌరవిస్తాను.

మొదలుపెట్టడం అంటే సోమవారం కన్నా ముందే. కోపం ఆయన చేతిలో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఈ రాత్రే ఫోన్ చేయించండి, తెలుగులో మాట్లాడతారు. తాగుడు ఉంటే బెంగళూరులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో దానికి వేరే విభాగమే ఉంది. బాబునూ అక్కడి పిల్లల మానసిక వైద్య విభాగంలో చూపించండి. ఇది ఎందుకంటున్నానంటే, డిక్టేషన్‌లో సున్నా. కర్ణాటకలో కన్నడ నేర్చుకోవాలని 2015 నుంచి చట్టముంది, మంచిదే. కానీ ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, తల్లిదండ్రులకు లిపి రాని కన్నడ, వీటి మధ్య ఎనిమిదేళ్ల పిల్లలు నలిగిపోవడం నేను కళ్లారా చూశాను. మన తెలుగు అక్షరానికీ కన్నడ అక్షరానికీ ఉన్న పోలికే వాళ్లను తికమకపెడుతుంది, కన్నడ తలకట్టు బదులు తెలుగు తలకట్టు పెట్టి మార్కు పోగొట్టుకుంటారు. కొందరికి దాని వెనక చదవడంలో, రాయడంలో అసలైన ఇబ్బందే ఉంటుంది. సోమరితనమని ఏళ్లతరబడి తన్నులు తిన్న పిల్లవాడికి పరీక్ష చేయిస్తే అక్షరాలు గుర్తుపట్టడమే కష్టమని తేలిన రోజు, ఆ తండ్రి నిమ్హాన్స్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. మీ బాబుకూ అదేనని నేననడం లేదు, తెలుసుకోండి అంటున్నాను.

అరెస్టు సంగతి. సమితి ఎవరినీ జైలుకు పంపదు. పోలీసు కేసు వేరే దారి. పిల్లవాణ్ణి తన సంరక్షణలో ఉంచుకున్నవాళ్లే కొట్టి, అనవసరమైన బాధ పెడితే జువెనైల్ జస్టిస్ చట్టంలోని 75వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తండ్రి అయినా ఆ సెక్షన్ వర్తిస్తుంది. సమితి పోలీసులకు రాయవచ్చు, స్కూలు వాళ్లు నేరుగా వెళ్లవచ్చు. ఎఫ్‌ఐఆర్ కట్టారా లేదా అన్నది సోమవారమే అడిగి తెలుసుకోండి.

లాయరుతో మాట్లాడండి, మంచిదే. ఎఫ్‌ఐఆర్ ఉంటే తప్పనిసరి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవల సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి. మీకూ మీవారికీ ఒకే లాయరు వద్దు. ఏమీ ఒప్పుకోకండి, అంతా కాదనండి అనే లాయరు మీకు పనికిరాడు, ఇది దొంగతనం కేసు కాదు. ఉత్తర్వు అన్యాయమనిపిస్తే 30 రోజుల లోపు చిల్డ్రన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు, తేదీ గుర్తుంచుకోండి.

ఒకవేళ విషయం కొట్టడం కాక లైంగిక హింస అయితే నేను చెప్పినదంతా మారిపోతుంది. అది 2012 పోక్సో చట్టం, తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. స్టేట్‌మెంట్ బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటనో, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. మీ కేసు అది కాదు, వేరేవాళ్లు చదువుతారని రాస్తున్నాను.

స్కూలు మీద కోపం వస్తోందని రాశారు. ఆ టీచరు చూసి చూడనట్టు ఊరుకుని ఉంటే మీరు ఈ పాటికి ఇంకో రాత్రి గదిలో చెవులు మూసుకుని నిలబడి ఉండేవారు. వాణ్ణి స్కూలు మార్చకండి. వాడి వాతలు చూసి చలించిన పెద్దమనిషి ఒకరు అక్కడున్నారు, ఆ మనిషిని వాడికి దూరం చేయకండి. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క ముక్క పెట్టకండి. విచారణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, స్కూలు, ఏ గుర్తులూ మీడియాలో బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది, అతిక్రమిస్తే 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మీకు అదే రక్షణ, మీరే దాన్ని చెడగొట్టుకోకండి.

ఇక వాడి ప్రశ్న. నాన్నను జైల్లో పెడతారా? పెట్టరు అని మాటివ్వకండి, అది మీ చేతిలో లేదు. మాట తప్పితే వాడు మిమ్మల్నీ నమ్మడు. ఈ రాత్రి అన్నం తిన్నాక, పడుకునే ముందు, పక్కన కూర్చుని ఇలా చెప్పండి. "అది నాకూ తెలీదు నాన్నా. నాన్న నిన్ను కొట్టడం తప్పు, అందుకని వాళ్లొచ్చారు. నువ్వు టీచరుకు చెప్పినందుకు కాదు. సోమవారం వాళ్లు అడిగితే నీకు గుర్తున్నది చెప్పు. చెప్పాలనిపించకపోతే చెప్పాలని లేదను. నువ్వు ఏం చెప్పినా ఇంట్లో ఎవరూ కోప్పడరు. నేను తలుపు బయటే కూర్చుని ఉంటాను." వీలైతే "కొట్టడం నా తప్పు, నువ్వు నిజమే చెప్పు" అన్న ఒక్క మాట మీవారితో, ఆయన నోటితోనే, వాడికి చెప్పించండి. ఆయన చెప్పలేకపోతే బలవంతపెట్టకండి, మీరు మాత్రం చెప్పి లైటు తీసేసి, వాడు నిద్రపోయేదాకా అక్కడే ఉండండి.